సినిమా తీసేవాణ్ణి పరాయి దేశం ఏమడుగుతుంది?

పని వెతుక్కుంటూ ఊరు దాటిన కథ లేని తెలుగు ఇల్లు మన ఖరగ్‌పూర్‌లో కనిపించదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు పల్లెల నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి వచ్చినవాళ్ళ మనవలం, మునిమనవలం మనం. వాళ్ళకి పాస్‌పోర్టు అక్కర్లేకపోయింది. ఇప్పుడు అవే ఇళ్ళలో, ఇందాలో గానీ మలంచలో గానీ నింపురాలో గానీ, కెమెరా పట్టిన పిల్లలు ఇంకో ప్రశ్న వేస్తున్నారు. "నేను సినిమా తీస్తాను. అమెరికా వెళ్ళి ఆ పనే చేసుకుని బతకాలంటే ఏ వీసా కావాలి? నాలాంటి వాడికి ఇస్తారా?" అని. వాళ్ళకీ, వాళ్ళ తల్లిదండ్రులకీ పనికొచ్చేటట్టు ఆ సంగతి ఈవేళ వివరంగా చెబుతాను.

తెలుగు సినిమా పుట్టీ పుట్టగానే ఊరు దాటింది. కాకినాడ చిత్తజల్లు పుల్లయ్య గారు 1933లో 'సతీ సావిత్రి'నీ, 1934లో 'లవకుశ'నీ కలకత్తాలో తీశారు. డబ్బు పెట్టింది ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ. ఆంధ్ర నుంచి హౌరా వెళ్ళే రైలు మార్గం మన జంక్షను మీదుగానే వెళుతుంది. టిక్కెట్టు కొనుక్కుంటే చాలు, కలకత్తా స్టూడియోలో పని చేసుకోవచ్చు. అటు మద్రాసులో అమెరికావాడు ఎల్లిస్ ఆర్. డంగన్ 1935లో దిగాడు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తనతో సినిమా చదువుకున్న మాణిక్‌లాల్ టాండన్ పిలిస్తే వచ్చాడు. తమిళం ముక్క రాదు. అయినా 1936లో 'సతీ లీలావతి' తీశాడు, ఎం.జి. రామచంద్రన్ తెరకెక్కింది ఆ సినిమాతోనే. ఆ తర్వాత 'శకుంతలై', 'మీరా', 'మంత్రి కుమారి' తీసి 1950లో తిరిగి వెళ్ళిపోయాడు. పదిహేనేళ్ళు. మిత్రుడి పిలుపు, నేర్చుకున్న పని, ఈ రెంటితో ఒక విదేశీయుడు మన దక్షిణాది సినిమాలో స్థిరపడగలిగిన రోజులవి.

అలాగని అప్పట్లో పరదేశి కళాకారులందరికీ బతుకు నల్లేరు మీద బండిలా సాగిందని అనుకోకూడదు. బాంబే టాకీస్‌లో 'అఛూత్ కన్య' తీసిన దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ జర్మనీ దేశస్థుడు. 1939లో యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్నీ, కెమెరామన్ జోసెఫ్ విర్షింగ్‌నీ నిర్బంధించింది. అంతకు ముందు రోజు వరకూ గౌరవంగా సెట్లో నిలబడినవాళ్ళు. విర్షింగ్ మాత్రం విడుదలయ్యాక ఇక్కడే ఉండిపోయి 'మహల్'కీ, 'పాకీజా'కీ ఛాయాగ్రహణం చేశారు. పని ఎంత గొప్పదైనా, పరాయి గడ్డ మీద ఆ పని చేసుకునే హక్కు ఇంకొకరు ఇవ్వాలి, వాళ్ళే తీసుకోనూవచ్చు. ఈ సంగతి మొదట మనసులో పెట్టుకోవాలి.

ఇక ఇప్పటి సంగతికి వస్తాను. అమెరికాలో కళాకారులకు ఓ అనే వర్గం, పి అనే వర్గం 1990 నాటి వలస చట్టంతో పుట్టాయి. సినిమా తీసేవాళ్ళకి వర్తించేది ఓ-1బి. హెచ్-1బికి ఏడాదికి 65 వేలు, అక్కడి పైచదువులు చదివినవాళ్ళకి ఇంకో 20 వేలు అని హద్దు ఉంది, లాటరీ ఉంది. ఓ-1కి అలాంటి హద్దు లేదు, లాటరీ లేదు, డిగ్రీ అడగరు. పదో తరగతితో చదువు ఆపేసిన దర్శకుడైనా అర్హుడు కావచ్చు. ఇది విని మన కుర్రాళ్ళ కళ్ళు మెరుస్తాయి. కానీ డిగ్రీ చోట చట్టం ఇంకోటి పెట్టింది.

ఓ-1బిలో రెండు తూనికలున్నాయి. చిత్రకారుడు, గాయకుడు, నర్తకి లాంటివాళ్ళయితే తమ రంగంలో విశిష్టత చూపాలి, అంటే మామూలుగా కనబడే స్థాయి కంటే బాగా పైన ఉండాలి. సినిమా, టెలివిజన్ వాళ్ళని ఇంకాస్త గట్టిగా తూస్తారు. వాళ్ళు అసాధారణ సాధన చూపాలి. ఓటీటీలో వచ్చే సినిమాలు, వెబ్ సిరీస్‌లు కూడా ఈ రెండో తూనికలోకే వస్తాయి. నృత్యకారుడికంటే సినిమా దర్శకుడు ఎందుకు ఎక్కువ రుజువు చూపాలో నాకు న్యాయంగా తోచదు. చట్టం మాత్రం అలాగే ఉంది.

ఆ సాధన ఎలా రుజువవుతుంది? ఆస్కార్, ఎమ్మీ, డైరెక్టర్స్ గిల్డ్ అవార్డు వంటి పెద్ద బహుమతి వచ్చినా, దానికి నామినేట్ అయినా, రుజువుల్లో మొదటి మెట్టు ఆ ఒక్కదానితో దాటేయవచ్చు. 2023 మార్చి 12న లాస్ ఏంజెలెస్‌లో 'నాటు నాటు'కి ఆస్కార్ అందుకున్నారు కీరవాణి గారూ, చంద్రబోస్ గారూ. తెలుగు పాటకి దక్కిన అలాంటి గౌరవం ఈ చట్టం లెక్కలో కూడా తనంతట తానే నిలబడే రుజువు. జాతీయ స్థాయి బహుమతులూ లెక్కలోకి వస్తాయి, కాకపోతే ఆ బహుమతి ఎంత పెద్దదో అధికారికి అర్థమయ్యేలా చూపాలి. మన జాతీయ చలనచిత్ర పురస్కారం అంటే ఏమిటో, ఎవరు ఎంపిక చేస్తారో, ఏడాదికి ఎందరికి ఇస్తారో అమెరికాలో కూర్చున్న అధికారికి తెలిసి ఉండాలని లేదు.

బహుమతి లేనివాళ్ళకి ఇంకో దారి ఉంది. ఆరు రకాల రుజువుల్లో కనీసం మూడు చూపాలి. పేరున్న చిత్రాల్లో ప్రధాన బాధ్యత వహించి ఉండాలి. పత్రికల్లో సమీక్షలు, వ్యాసాలు వచ్చి జాతీయంగానో అంతర్జాతీయంగానో గుర్తింపు ఉండాలి. పేరున్న సంస్థల్లో ముఖ్యమైన పాత్ర పోషించి ఉండాలి. తీసిన చిత్రాలు వసూళ్ళలో గానీ విమర్శకుల మెప్పులో గానీ విజయం సాధించి ఉండాలి. రంగంలో పెద్దలు, సంస్థలు, విమర్శకులు గుర్తించి ఉండాలి. పారితోషికం సాటివాళ్ళకంటే ఎక్కువ ఉండాలి, లేదా ఎక్కువ రాబోతోందని ఒప్పందం ఉండాలి. చదివితే సులువుగానే కనిపిస్తాయి. చిక్కు ఎక్కడంటే, ప్రతి ఒక్కటీ కాగితం మీద కనబడాలి. పైగా మూడు చూపగానే వీసా చేతికి రాదు. మొత్తం కలిపి చూసి, ఈ మనిషి నిజంగా ఆ స్థాయివాడేనా అని అధికారి రెండోసారి తూస్తాడు.

మన సినిమా పని ఎక్కువగా మాట మీద నడుస్తుంది. చిన్న సినిమా అయితే మరీను. "తమ్ముడూ, నువ్వు చేసిపెట్టు, విడుదలయ్యాక చూసుకుందాం" అంటారు. ఒప్పందం రాసుకోరు. డబ్బు చేతులు మారుతుంది, బ్యాంకు ఖాతాలో కనిపించదు. టైటిల్స్‌లో పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటుంది. దర్శకుడితో సమానంగా రాత్రింబవళ్ళు కష్టపడ్డ సహాయకుడి పేరు టైటిల్స్ వేగంలో మాయమవుతుంది. ఇలా అయిదారేళ్ళు పని చేసిన మనిషికి ప్రతిభ నిండుగా ఉంటుంది, చేతిలో ఒక్క రుజువూ ఉండదు. పరాయి దేశపు అధికారి ముందు ఆ మనిషి ఏమీ చేయనివాడితో సమానం. కళాకారుడి వీసాకి సంబంధించి నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. వీసా మన ప్రతిభని కొలవదు, ప్రతిభకి లోకం ఇచ్చిన సాక్ష్యాన్ని కొలుస్తుంది. ఆ సాక్ష్యం అమెరికా ప్రయాణం తలపెట్టిన రోజున తయారు కాదు. మొదటి సినిమా మొదటి రోజు నుంచి పోగవ్వాలి.

సాక్ష్యాల్లో ఏది బలమైనది, ఏది బలహీనమైనది అన్నది కూడా చెప్పుకోవాలి. మన దగ్గర సన్మానాలు ఎక్కువ. శాలువా, మెమెంటో, సన్మానపత్రం ప్రేమతో ఇస్తారు, ఆ ప్రేమకి విలువ ఉంది. వీసా దస్త్రంలో మాత్రం స్థానిక సంఘం సన్మానం జాతీయ గుర్తింపు కింద నిలబడదు. అలాగే ప్రవేశ రుసుము కట్టిన ప్రతివాళ్ళకీ ఏదో ఒక బహుమతి పంపే ఆన్‌లైన్ ఫెస్టివల్స్ చాలా వచ్చాయి. పోస్టరు మీద వరుసగా ఆ ఫెస్టివల్స్ గుర్తులైన ఆకుల దండలు వేసుకుని మురిసిపోయే పిల్లల్ని చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఎన్ని చిత్రాలు వచ్చాయి, ఎన్నిటిని తీసుకున్నారు, జ్యూరీలో ఎవరున్నారు అని అడిగితే జవాబు ఉండదు. అలాంటి పది సర్టిఫికెట్ల కంటే జనం చదివే పత్రికలో పేరుమోసిన విమర్శకుడు రాసిన ఒక్క నిజాయతీ గల సమీక్ష మేలు.

ఇక్కడ ఒక సినిమా పేరు చెప్పాలి. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'. విశాఖలోని కంచరపాలెంలో, ఎక్కువగా ఆ వాడ మనుషుల్నే నటులుగా పెట్టి వెంకటేశ్ మహా తీశారు. నిర్మాత పరుచూరి ప్రవీణ గారు అమెరికాలో గుండె వైద్యురాలు. థియేటర్లలోకి రాకముందే అది న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి ఎంపికైంది. ఆ తర్వాత తెలుగు పత్రికలూ ఇంగ్లీషు పత్రికలూ దాని మీద విరివిగా రాశాయి. ఎవరు ఏ వీసాకి పెట్టుకున్నారన్నది నా విషయం కాదు. చిన్న డబ్బుతో, మన ఉత్తరాంధ్ర యాసతో తీసిన సినిమా కూడా ఈ చట్టం అడిగే రకం సాక్ష్యాన్ని, అంటే పేరున్న ఫెస్టివల్‌నీ, విస్తృతమైన సమీక్షల్నీ సంపాదించుకోగలదని చూపడానికి చెబుతున్నాను. ఖరగ్‌పూర్ తెలుగు కూడా ఆ యాసకి చుట్టమే. మన వీధుల్లో అలాంటి కథలకి కొదవ లేదు.

సమీక్షలు తెలుగులో ఉంటే? ఇబ్బందేమీ లేదు. ఇంగ్లీషులో లేని ప్రతి కాగితానికీ పూర్తి అనువాదం జతచేయాలి. అనువాదం పూర్తిగా, సరిగా ఉందనీ, తనకి రెండు భాషలూ వచ్చుననీ అనువదించినవాళ్ళు సంతకంతో ధ్రువీకరించాలి. తెలుగు, బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు నాలుగూ వచ్చిన చదువుకున్నవాళ్ళు మన ఊళ్ళో ఎందరో ఉన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, అది ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళని చూసే. మన పిల్లల సినిమాల మీద వచ్చిన నాలుగు మాటల్ని చక్కటి ఇంగ్లీషులో పెట్టే సాయం మన మాస్టార్లు, టీచరమ్మలు చేయగలరు. సమీక్షని కత్తిరించి దాచేటప్పుడు పత్రిక పేరు, తేదీ, రచయిత పేరు కనబడేలా ఉంచాలి. తేదీ లేని ముక్క సాక్ష్యానికి కొరగాదు.

పెద్దల ఉత్తరాల సంగతీ అంతే. "ఇతను చాలా ప్రతిభావంతుడు, కష్టజీవి, మంచి భవిష్యత్తు ఉంది" అని రాస్తే ఆ ఉత్తరం మర్యాదకి పనికొస్తుంది, వీసాకి పనికిరాదు. రాసేవాళ్ళు ఎవరు, వాళ్ళ అర్హత ఏమిటి, ఈ మనిషి ఏ సినిమాలో ఏ పని చేశాడు, ఆ పని వల్ల సినిమాకి ఏం జరిగింది, ఇవి ఉండాలి. తోటి పనివాళ్ళ కంటే ఇతను ఎందులో పైన ఉన్నాడో చెప్పాలి.

సాక్ష్యమంతా ఉందనుకుందాం. అయినా మన అబ్బాయి తనంతట తాను ఓ-1 దరఖాస్తు పెట్టుకోలేడు. ఇది చాలామందికి తెలియని సంగతి. అమెరికాలో ఉన్న యజమాని గానీ, ఏజెంటు గానీ ఐ-129 అనే ఫారంతో పిటిషన్ వేయాలి. సినిమావాళ్ళు ఒకే కంపెనీలో ఉండరు గనుక ఏజెంటు ద్వారా వేయడం మామూలే. అప్పుడు ఏ తేదీల్లో, ఏ నిర్మాత దగ్గర, ఏ పని అనే వివరం, ఒప్పందాలు జతచేయాలి. నోటిమాట ఒప్పందమైతే దాని షరతుల్ని రాతలో పెట్టి ఇవ్వాలి. వెళ్ళాక పని వెతుక్కుంటానంటే కుదరదు. పని ముందు, వీసా తర్వాత. పిటిషన్‌ని పని మొదలయ్యే రోజుకి ఏడాది ముందు నుంచి వేయవచ్చు, అంతకు మించి ముందుగా వేయకూడదు.

సినిమావాళ్ళకి ఇంకో నిబంధన ఉంది. అక్కడి కార్మిక సంఘం ఒకటి, యాజమాన్యాల సంస్థ ఒకటి, రెండింటి నుంచీ సలహాపత్రాలు తీసుకోవాలి. దర్శకుడికైతే డైరెక్టర్స్ గిల్డ్ ఆఫ్ అమెరికా, ఛాయాగ్రాహకుడికైతే లోకల్ 600, ఎడిటర్‌కైతే లోకల్ 700 అనే సంఘాలు. అటువైపు నిర్మాతల కూటమి. వాళ్ళ అభిప్రాయం వలస శాఖని కట్టడి చేయదు గానీ బరువు ఉంటుంది.

యూనియన్ అంటే ఏమిటో ఖరగ్‌పూర్‌కి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. తరవాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు 1920ల చివరలో ఇక్కడి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెకి నాయకత్వం వహించారు. మన వాళ్ళ ఉద్యోగాలు తీసేస్తుంటే వాళ్ళ కార్మిక సంఘం నిలబడింది. హాలీవుడ్‌లో లైట్లు మోసేవాళ్ళు, కెమెరా పట్టేవాళ్ళు కూడా అదే అడుగుతున్నారు: బయటి మనిషిని తెచ్చి మా పొట్ట కొట్టకండి, నిజంగా ప్రత్యేకమైన పనివాడైతే రానివ్వండి, ఆ సంగతి మమ్మల్నీ అడగండి అని. విదేశీ కళాకారుడికి ఇది అడ్డుగోడలా కనిపించినా, కార్మికుల బిడ్డలుగా మనం దీన్ని కోపంతో చూడకూడదని నా అభిప్రాయం.

ఖర్చు దాచకుండా చెప్పాలి. 2024 ఏప్రిల్ నుంచి ఓ వర్గం పిటిషన్‌కి ప్రభుత్వ రుసుము 1,055 డాలర్లు. చిన్న సంస్థలకీ, లాభాపేక్ష లేని సంస్థలకీ 530. దీనిపై ఆశ్రయ కార్యక్రమ రుసుమని పెద్ద సంస్థలకి 600, చిన్నవాటికి 300 అదనం, లాభాపేక్ష లేనివాళ్ళకి లేదు. పదిహేను పనిదినాల్లో తేల్చమంటే ఇంకో 2,800 డాలర్లకి పైమాటే. లాయరు ఫీజు వేరు. ఆ తర్వాత వీసాకి 205 డాలర్లు. ఈ అంకెలు మారుతూ ఉంటాయి, కట్టే ముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. చిన్న భాషల్లో, చిన్న ఊళ్ళలో పనిచేసే కళాకారులకి ఈ ఖర్చు పెద్ద బరువు. అర్హత ఉన్నా ఇక్కడే ఆగిపోయేవాళ్ళు ఉంటారు, అది అన్యాయమే.

పిటిషన్ ఒప్పుకుంటే మొదట మూడేళ్ళ వరకు ఇస్తారు. ఆ తర్వాత పని ఉన్నకొద్దీ ఏడాది చొప్పున పొడిగించుకోవచ్చు. భార్య, భర్త, పిల్లలు ఓ-3 మీద వెళ్ళవచ్చు, కానీ పని చేయకూడదు. "నా కెమెరామన్ లేనిదే నేను తీయలేను" అనే దర్శకుడు అతన్ని ఓ-2 మీద తీసుకెళ్ళవచ్చు. అయితే ఆ మనిషితో చాలాకాలంగా కలిసి పనిచేశారని చూపాలి, లేదా ఆ సినిమా కొంత ఇక్కడా కొంత అక్కడా తీస్తున్నందువల్ల అతని చేయి తప్పనిసరని చూపాలి. ఇంకో రక్షణ గురించి చాలామందికి ఎవరూ చెప్పరు. కళాకారుడు తానుగా మానకుండా, యజమాని మధ్యలో పని నుంచి తీసేస్తే, స్వదేశానికి తిరిగి రావడానికయ్యే సముచితమైన ఖర్చు ఆ యజమానీ, పిటిషన్ వేసినవాళ్ళూ భరించాలి. ఇది చట్టంలో ఉన్న మాట. ఒప్పందం మీద సంతకం పెట్టే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాలి.

అడ్డదారుల గురించి గట్టిగా హెచ్చరించాలి. "ముందు విజిటర్ వీసా మీద వచ్చెయ్యి, ఇక్కడ చూసుకుందాం" అనే మాట చుట్టాల దగ్గర్నుంచీ, మధ్యవర్తుల దగ్గర్నుంచీ వస్తూ ఉంటుంది. సందర్శక వీసా మీద ఫెస్టివల్‌కి వెళ్ళి తన సినిమా చూపించి, చర్చలో మాట్లాడి రావచ్చు. జీతానికి షూటింగ్‌లో పనిచేయకూడదు. 2018లో షికాగోలో బయటపడిన కేసు మనకందరికీ గుర్తుండాలి. సాంస్కృతిక కార్యక్రమాల పేరు చెప్పి తెలుగు సినిమాల్లో చిన్న వేషాలు వేసే యువతుల్ని సందర్శక వీసాల మీద రప్పించి వ్యభిచారంలోకి దింపారని అక్కడి ప్రభుత్వం ఆరోపించింది. కళ పేరుతో వచ్చే ఆహ్వానంలో పని ఏమిటో, జీతం ఎవరిస్తారో, వీసా ఏ వర్గమో స్పష్టంగా రాసి లేకపోతే మన ఆడపిల్లల్ని గానీ మగపిల్లల్ని గానీ పంపకండి.

అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో లఘుచిత్రాలు తీసే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. సరదాకి తీయడం వేరు. హెచ్-1బి మీద ఉన్న మనిషి తన కంపెనీ పని వదిలి వేరే నిర్మాత దగ్గర డబ్బు తీసుకుని దర్శకత్వం చేస్తే అది అనుమతి లేని పని. చదువు దారి ఇంకొకటి. శేఖర్ కమ్ముల గారు వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో సినిమా చదివారు, తిరిగి వచ్చి 2000లో 'డాలర్ డ్రీమ్స్' తీశారు. ఆ తొలి చిత్రానికే జాతీయ పురస్కారం వచ్చింది. అమెరికా వెళ్ళాలా వద్దా అని కొట్టుమిట్టాడే తెలుగు కుర్రాళ్ళ కథ అది. నగేశ్ కుకునూర్ గారు అక్కడ ఇంజనీరుగా సంపాదించిన డబ్బు పెట్టి 1998లో 'హైదరాబాద్ బ్లూస్' తీశారు. ఇద్దరూ పేరు తెచ్చుకున్నది ఇక్కడి కథలతో, ఇక్కడికి వచ్చి. విద్యార్థి వీసా మీద వెళ్ళినవాళ్ళకి చదువయ్యాక సాధారణంగా ఒక ఏడాది ఆ రంగంలో పనిచేసే వీలుంటుంది. తర్వాత ఓ-1కి కావలసిన సాక్ష్యం కూడబెట్టుకోవడానికి ఆ ఏడాది బాగా ఉపయోగపడుతుంది.

కూచిపూడి బృందాలు, హరికథకులు, బుర్రకథ కళాకారులు లాంటి సంప్రదాయ కళలవారికి పి-3 అనే వేరే వర్గం ఉంది. అది ఏదో ఒక జాతికి మాత్రమే ప్రత్యేకమైన కళ కోసం పెట్టింది. సినిమాని అందులో ఇరికించకూడదు.

ఇతర దేశాల మాట క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్‌లో 2020 ఫిబ్రవరి నుంచి గ్లోబల్ టాలెంట్ వీసా ఉంది. సినిమా, టెలివిజన్ వాళ్ళ దస్త్రాన్ని ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ తరఫున పాక్ట్ అనే నిర్మాతల సంస్థ పరిశీలిస్తుంది. అక్కడ యజమాని అక్కర్లేదు, అయిదేళ్ళ వరకు ఇస్తారు, కానీ అవార్డుల విషయంలో పట్టింపు ఎక్కువ. ఫ్రాన్స్‌లో కళాకారులకి నాలుగేళ్ళ వరకు నివాసానుమతి ఇచ్చే టాలెంట్ వర్గం ఉంది. ఎక్కడికి వెళ్ళినా అడిగేది సాక్ష్యమే.

అర్హత ఉన్నవాడికి కూడా తలుపు మూసుకుపోయిన సందర్భాలున్నాయి, అవీ తెలియాలి. నలభై ఏళ్ళు అమెరికాలో ఉండి సినిమాకి ప్రాణం పోసిన చార్లీ చాప్లిన్ 1952 సెప్టెంబరులో ఓడెక్కి ఇంగ్లండు బయల్దేరగానే, ఆయన తిరిగి వచ్చే అనుమతిని అక్కడి ప్రభుత్వం రద్దు చేసింది. మళ్ళీ అడుగుపెట్టింది 1972లో, గౌరవ ఆస్కార్ అందుకోవడానికి. ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియారోస్తమీ 1997లో కాన్‌లో అత్యున్నత బహుమతి గెలుచుకున్న మనిషి. 2002లో న్యూయార్క్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి ఆయన్ని పిలిస్తే, తనిఖీల పేరుతో వీసా వేళకి రాలేదు. ఫిన్లండ్ దర్శకుడు ఆకి కౌరిస్మాకి అందుకు నిరసనగా తన ప్రయాణం మానుకున్నాడు. కియారోస్తమీకి లేని అర్హత ఇంకెవరికి ఉంటుంది? దేశాల మధ్య రాజకీయం కళాకారుడి మెడ మీద పడితే దస్త్రం ఎంత బలంగా ఉన్నా ఆగిపోవచ్చు. అలా ఆగితే అది ఆ కళాకారుడి లోపం కాదని ఇంట్లోవాళ్ళు గ్రహించాలి.

మన దగ్గరికి వచ్చే విదేశీ సినిమావాళ్ళ మాట కూడా ఒకటి. కథాచిత్రం తీయడానికి భారతదేశం వచ్చేవాళ్ళ కోసం ఫిల్మ్ వీసా అనే ప్రత్యేక వర్గాన్ని మన ప్రభుత్వం పెట్టింది. సమాచార ప్రసార శాఖ అనుమతి ఉండాలి. వాళ్ళకి దారి చూపడానికి 2015లో ఫిల్మ్ ఫెసిలిటేషన్ ఆఫీసు ఏర్పడింది. ధోనీ జీవితం మీద 2016లో వచ్చిన హిందీ సినిమా కోసం మన స్టేషనుకి కెమెరాలు వచ్చాయి. రేపు ఏ విదేశీ బృందమో వస్తే, ఇక్కడి మన కుర్రాళ్ళు వాళ్ళ దగ్గర పనిచేసి, పేరుతో, ఒప్పందంతో, తేదీతో ఆ పని రుజువు తీసుకోవాలి. పేరున్న నిర్మాణంలో ముఖ్యమైన బాధ్యత అన్న సాక్ష్యం అలాగే మొదలవుతుంది.

అమెరికా వెళ్ళేవాళ్ళు పిటిషన్ ఒప్పుకున్నాక ఇంటర్వ్యూకి మనకి దగ్గర్లో ఉన్న కోల్‌కతా కాన్సులేట్‌కే వెళతారు, హో చి మిన్ సరణిలో ఉంది. అక్కడ కిటికీ ముందు నిలబడినప్పుడు దస్త్రంలో ఏముందో మీ నోటితో మీరే చెప్పగలగాలి. లాయరు రాసిన గొప్ప ఇంగ్లీషు వాక్యాలు మీకే అర్థం కాకపోతే అధికారికి అనుమానం వస్తుంది. "ఏ సినిమా తీశావు, ఎవరి గురించి, అక్కడ ఎవరి దగ్గర ఏ పని చేస్తావు" అన్న మూడు ప్రశ్నలకి సూటిగా జవాబు చెప్పండి. రాని అవార్డు వచ్చిందని రాయకండి. అబద్ధం దొరికితే జీవితాంతం ఆ దేశానికి తలుపు మూసుకుపోయే ప్రమాదం ఉంది.

చివరగా మన ఊరివాళ్ళకి ఒక విన్నపం. ఇందాలో గానీ, గోల్‌బజార్‌లో గానీ, సెటిల్‌మెంట్లలో గానీ ఏ పిల్లో పిల్లాడో సినిమా తీస్తే వెళ్ళి చూడండి, చూసి రాయండి. తెలుగు పత్రికలకి పంపండి, బెంగాలీ పత్రికలవాళ్ళని పిలవండి. మన సంఘాలు శాలువాతో పాటు, ఎంపిక ఎలా జరిగిందో, ఎవరు న్యాయనిర్ణేతలో రాసిన కాగితం కూడా ఇవ్వాలి. సినిమా తీసే పిల్లలూ, ఈ రాత్రే ఒక ఫైలు తెరవండి. ఒప్పందాలు, బ్యాంకు రసీదులు, తేదీతో సహా సమీక్షలు, ఫెస్టివల్ నుంచి వచ్చిన లేఖలు, టైటిల్స్‌లో మీ పేరు కనబడే చిత్రం, అన్నీ అందులో చేర్చండి. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో టైటిల్స్‌లోనూ అలాగే వేయించుకోండి. అమెరికా వలస శాఖ ఓ-1 నిబంధనల్ని తన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచింది. మధ్యవర్తికి ఒక్క రూపాయి ఇచ్చే ముందు వాటిని మీరే చదవండి, ఇంగ్లీషు అర్థం కాకపోతే చదివి చెప్పమని మమ్మల్ని అడగండి.